ఎవరి భాషలో హైస్కూలు? సర్ రాస్ మసూద్ జీవితం

ఉదయగిరి, ఆత్మకూరు వైపు మన ఇళ్లల్లో ఏటా జూన్ నెలలో ఒక చర్చ నడుస్తుంది. పిల్లాడు అయిదో తరగతి దాటాడు, ఇప్పుడు ఏ మీడియంలో వేద్దాం? అమ్మీతో మాట్లాడేది ఉర్దూ. బజార్లో, పొలంలో, బస్సులో తెలుగు. ఉద్యోగం రావాలంటే ఇంగ్లీషు. దాదా ఒకటంటారు, పిల్లాడి మామూ ఇంకొకటంటాడు, చివరికి ఫీజు ఎంతో, బస్సు ఎక్కడిదాకా వస్తుందో చూసి ఏదో ఒకటి తేలుస్తారు. ఈ ప్రశ్న మనతో మొదలైంది కాదు. నూరేళ్ల కిందట ఒక ఇల్లు కాదు, ఒక రాజ్యం మొత్తం దీనికి జవాబు వెతుక్కుంది. ఆ జవాబును బడుల్లో అమలు చేసే కుర్చీలో కూర్చున్న మనిషి సయ్యద్ రాస్ మసూద్. అప్పటికి ఆయన వయసు 27 ఏళ్లు.

సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ పేరు తెలియని మన ఇల్లు ఉండదు. అలీగఢ్ అంటే ఆయనే. ఆయన మనవడు మసూద్ గురించి మాత్రం మన తెలుగులో పెద్దగా ఎవరూ రాయలేదు. హైదరాబాద్ ఉస్మానియా యూనివర్సిటీ అనగానే ఏడో నిజాం పేరు చెప్తాం, తెలిసినవాళ్లు అక్బర్ హైదరీ పేరు కలుపుతారు. ఆ యూనివర్సిటీకి పిల్లల్ని పంపే హైస్కూళ్లను ఎవరు నడిపారో ఎవరూ అడగరు. హైస్కూలు సంగతి ఎప్పుడూ అంతే. కాలేజీకి ఫోటోలుంటాయి, హైస్కూలుకు హాజరు పట్టీలే ఉంటాయి.

మసూద్ 1889లో ఢిల్లీలో పుట్టారు. తండ్రి సయ్యద్ మహమూద్, అలహాబాద్ హైకోర్టులో జడ్జి అయిన తొలి ముస్లిం. పిల్లాడి బిస్మిల్లా ఇంట్లో నలుగురిని పిలిచి చేసింది కాదు. అలీగఢ్‌లో విద్యా మహాసభ జరుగుతుంటే, దేశం నలుమూలల నుంచీ వచ్చిన పెద్దల ముందు చేశారు. అక్షరం దిద్దేటప్పుడు పిల్లాడు కూర్చున్నది సర్ సయ్యద్ ప్రాణ స్నేహితుడు రాజా జైకిషన్ దాస్ ఒళ్లో. విందుకి పెట్టాల్సిన డబ్బు కాలేజీకి చందాగా వెళ్లింది. బిస్మిల్లా పేరుతో టెంట్లు వేసి అప్పులు చేసేవాళ్లు ఈ ముక్క ఒకసారి చదువుకుంటే బాగుండు.

ఆ ఇంటి వైభవం ఎక్కువ రోజులు నిలబడలేదు. మహమూద్ మహా తెలివైనవాడు, కానీ తాగుడు ఆయన్ని తినేసింది. 1893లో జడ్జి పదవి వదులుకున్నారు. తండ్రీకొడుకుల మధ్య మాటలు చెడిపోయి, చివరి రోజుల్లో సర్ సయ్యద్ తన ఇల్లు వదిలి ఒక స్నేహితుడి ఇంట్లో ఉండాల్సి వచ్చింది. 1898లో అక్కడే కన్నుమూశారు. అప్పటికి మసూద్‌కి తొమ్మిదేళ్లు. అయిదేళ్ల తర్వాత 1903లో మహమూద్ కూడా పోయారు. పద్నాలుగేళ్లకే పిల్లాడికి దాదా లేరు, అబ్బా లేరు.

అప్పుడు ఆదుకున్నది కాలేజీ ప్రిన్సిపాల్ థియొడర్ మారిసన్. సొంత బిడ్డలా చూసుకుని, ఇంగ్లండ్ తీసుకెళ్లారు. ఆక్స్‌ఫర్డ్‌లో చేరాలంటే లాటిన్ రావాలి. దాని కోసం 1906లో పక్క వీధిలో ఉండే ఒక కుర్ర రచయితను ట్యూషన్‌కి పెట్టారు. ఆయన ఇ.ఎం. ఫార్‌స్టర్. మసూద్ ఆరడుగులు దాటిన భారీ మనిషి, నవ్వితే ఇల్లు కదిలేది. పాఠం విసుగొస్తే బక్కపలచని ఆ మేష్టారిని రెండు చేతులతో ఎత్తి కితకితలు పెట్టేవారట. లాటిన్ ఎంత వచ్చిందో గానీ స్నేహం బతికినంత కాలం ఉండిపోయింది. 1924లో ఫార్‌స్టర్ తన ప్రసిద్ధ నవల ఎ పాసేజ్ టు ఇండియాను మసూద్‌కే అంకితం చేశారు.

ఆక్స్‌ఫర్డ్‌లో చరిత్ర చదివి, బారిస్టర్ అయి, 1912లో మసూద్ తిరిగొచ్చారు. పట్నా దగ్గర బాంకీపూర్‌లో వకీలు బోర్డు పెట్టారు. తండ్రి పేరు, తాత పేరు, విలాయతీ పట్టా, ఏదీ తక్కువ కాదు. అయినా ఏడాది గడవకుండానే వకాల్తా వదిలి విద్యాశాఖలో చేరిపోయారు. మొదటి పని హైస్కూలు హెడ్మాస్టరు. తర్వాత కటక్‌లో రావెన్‌షా కాలేజీలో చరిత్ర ప్రొఫెసర్. బారిస్టరు చదివి హైస్కూలు హెడ్మాస్టరుగా చేరడమంటే ఇప్పటి లెక్కలో కూడా బంధువులు మూతి విరిచే పనే. కానీ ఆయన తర్వాత చేసిన పనులన్నీ చూస్తే, ఆ హెడ్మాస్టరు అనుభవం ఎందుకు పనికొచ్చిందో తెలుస్తుంది. చదువు ఎక్కడ తెగిపోతుందో కాలేజీలో కూర్చుంటే కనపడదు. బడి నుంచి పిల్లలు జారిపోయేది మధ్య తరగతుల్లోనే. పాఠం చెప్పే భాష అర్థంకాక బట్టీపట్టి, బట్టీ కుదరక ఇంటిదారి పట్టే పిల్లలు అక్కడే ఉంటారు.

1916లో హైదరాబాద్ రాజ్యం ఆయన్ని విద్యాశాఖ డైరెక్టరుగా పిలిపించుకుంది. ఇక్కడ ఒక సంగతి చెప్పుకోవాలి. అప్పట్లో మన ఉదయగిరి, ఆత్మకూరు హైదరాబాద్‌లో లేవు. ఉదయగిరి జాగీరు ఆర్కాటు నవాబుల కాలం నాటిది. దాన్ని బ్రిటిష్‌వాళ్లు 1840 ప్రాంతంలో తీసేసుకున్నాక మనం పూర్తిగా మద్రాసు ప్రెసిడెన్సీ కింద ఉన్నాం. అదే రోజుల్లో, 1840లో, అమెరికా బాప్టిస్టు మిషన్ నెల్లూరులో అడుగుపెట్టింది. తర్వాత్తర్వాత ఉదయగిరి, ఆత్మకూరులో కూడా దానికి కేంద్రాలు వచ్చాయి, బడులు వచ్చాయి. మన వైపు పై చదువుకి మిషన్ బడులు, బోర్డు బడులు, నెల్లూరు పోతే వెంకటగిరి రాజా వారి హైస్కూలు, ఇవే దారులు. ఏ దారిలో వెళ్లినా హైస్కూలు గడప దగ్గర భాష మారేది. కింద తెలుగో ఉర్దూవో, పైన ఇంగ్లీషు. లెక్కలూ ఇంగ్లీషులోనే, చరిత్రా ఇంగ్లీషులోనే. ఉర్దూ ఇంటి పిల్లాడికి ఇది రెండుసార్లు గోడ దూకడం. ముందు తెలుగు నేర్చుకోవాలి, దాని మీద ఇంగ్లీషు.

హైదరాబాద్‌లో కూడా అప్పటిదాకా పరిస్థితి అంతకంటే మెరుగు కాదు. నిజాం కాలేజీ మద్రాసు యూనివర్సిటీకి అనుబంధం. పరీక్షలు మద్రాసువే, పాఠాలు ఇంగ్లీషులో. 1917లో అక్బర్ హైదరీ నిజాం ముందు ఒక ప్రతిపాదన పెట్టారు. మన రాజ్యానికి మన యూనివర్సిటీ కావాలి, అందులో పాఠాలు ఉర్దూలో చెప్పాలి, ఇంగ్లీషును ఒక సబ్జెక్టుగా అందరూ చదవాలి. నిజాం ఒప్పుకున్నారు. 1918లో ఫర్మానా వచ్చింది, 1919లో క్లాసులు మొదలయ్యాయి. కాగితం మీద ఇది హైదరీ గారి పేరుతో ఉంటుంది. కానీ విద్యాశాఖ మొత్తం మసూద్ చేతిలో ఉంది. యూనివర్సిటీలో ఉర్దూలో చెప్పాలంటే అంతకుముందే హైస్కూలు ఉర్దూలోకి రావాలి. హైస్కూలు రావాలంటే పుస్తకాలు కావాలి, ఆ పుస్తకాలు చదివి చెప్పగలిగే టీచర్లు కావాలి. ఈ కింది పని అంతా ఆయనది.

విచిత్రం ఏమిటంటే ఇది ఆయన దాదా పాత కల. సర్ సయ్యద్ అంటే ఇంగ్లీషు చదువు అని మనం అనుకుంటాం గానీ, ఆయన ముందు పెట్టింది తర్జుమాల సంఘం. 1867లో అలీగఢ్ నుంచి దేశభాషలో చదువు చెప్పే యూనివర్సిటీ కావాలని ప్రభుత్వానికి అర్జీ కూడా వెళ్లింది. అది కుదరకే తర్వాత ఆయన ఇంగ్లీషు కాలేజీ దారి పట్టారు. తాత వదిలేసిన చోట యాభై ఏళ్ల తర్వాత మనవడు అందుకున్నాడన్నమాట.

పుస్తకాల కోసం 1917లోనే తర్జుమా విభాగం పెట్టారు. దానికి తొలి అధిపతి మౌల్వీ అబ్దుల్ హఖ్, బాబా-ఎ-ఉర్దూ అని పేరున్నవారు. (మన వైపు చాలామంది పొరబడతారు. 1947లో కర్నూలులో ఉస్మానియా కాలేజీ పెట్టిన డాక్టర్ అబ్దుల్ హఖ్ వేరు, ఈయన వేరు.) చరిత్ర, లెక్కలు, రసాయనం, చట్టం, వైద్యం, ఒకదాని తర్వాత ఒకటి ఉర్దూలోకి తెచ్చారు. కవి జోష్ మలీహాబాదీ కూడా కొన్నేళ్లు అక్కడ ఉద్యోగం చేశారు. పెద్ద తగువు మాటల దగ్గర వచ్చింది. ఇంగ్లీషు శాస్త్ర పదానికి అరబ్బీ నుంచి తేవాలా, మామూలు ఉర్దూ మాటల నుంచి తయారు చేసుకోవాలా? పండితులు కమిటీల్లో కూర్చుని రోజుల తరబడి వాదించుకునేవారు. మన తెలుగు మీడియం వాళ్లకు ఈ బాధ బాగా తెలుసు. పదో తరగతి దాకా ఆమ్లజని, ఇంటర్‌లోకి రాగానే ఆక్సిజన్. నేర్చుకున్న మాట పైతరగతిలో చెల్లని నాణెం అయిపోతుంది. ఉస్మానియా చేసిన మంచి పని ఇదే. మాట హైస్కూలు నుంచి డిగ్రీ దాకా, డాక్టరు చదువు దాకా ఒకటే ఉండేలా చూశారు. దేశంలో అంతకుముందు ఏ యూనివర్సిటీ ఈ సాహసం చేయలేదు.

దీన్ని ఇంకెవరైనా చేసి గెలిచారా అని చూడడానికి 1922లో మసూద్ జపాన్ వెళ్లారు. ప్రభుత్వమే పంపింది. అందరూ లండన్ వెళ్లొచ్చే రోజుల్లో టోక్యో వెళ్లడం మామూలు విషయం కాదు. సరిగ్గా యాభై ఏళ్ల కిందట, 1872లో, జపాన్ తన మొదటి విద్యాచట్టం తెచ్చుకుంది. చట్టం చట్రం ఫ్రాన్స్ నుంచి తీసుకున్నారు, బడి లోపల ఏం జరగాలన్నది ఎక్కువగా అమెరికా నుంచి తీసుకున్నారు. శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి మారియన్ స్కాట్ అనే టీచరు వచ్చి టోక్యోలో ఉపాధ్యాయ శిక్షణ బడిలో క్లాసు ఎలా నడపాలో నేర్పారు. మరుసటి ఏడాది నుంచి డేవిడ్ మర్రే అనే అమెరికా ప్రొఫెసర్ విద్యాశాఖకు సలహాదారుగా కొన్నేళ్లు ఉన్నారు.

అమెరికా నుంచే ఎందుకు? హైస్కూలును ప్రభుత్వ సొమ్ముతో ఊరందరికీ పెట్టాలన్న పట్టుదల అక్కడ ముందు కనిపించింది. 1821లో బోస్టన్‌లో ఊరి పన్నుతో ఒక హైస్కూలు పెట్టారు. కాలేజీకి వెళ్లని దుకాణదారుల, పనివాళ్ల పిల్లల కోసం. 1827లో మసాచుసెట్స్ రాష్ట్రం 500 కుటుంబాలు దాటిన ప్రతి ఊరూ అలాంటి బడి పెట్టాలని చట్టం చేసింది. ఊళ్లు ఊరికే ఒప్పుకోలేదు. చదవడం రాయడం వరకు సరే, ఆ పైన ఎవడి పిల్లల కోసమో మేమెందుకు పన్ను కట్టాలని గొడవ. మిషిగన్ రాష్ట్రంలో కాలమజూ అనే ఊళ్లో ఆస్తిపరులు కోర్టుకే ఎక్కారు. 1874లో అక్కడి సుప్రీంకోర్టు, పన్ను సొమ్ముతో హైస్కూలు నడపొచ్చని తేల్చేసింది. ఆ తీర్పు తర్వాత తలుపులు తెరుచుకున్నాయి. 1890లో అమెరికా ప్రభుత్వ హైస్కూళ్లలో పిల్లలు దాదాపు 2 లక్షలు. 1920 నాటికి 22 లక్షలు. ముప్ఫై ఏళ్లలో పదింతలు.

అయితే ఆ తలుపు అందరికీ తెరుచుకోలేదన్నది కూడా చెప్పుకోవాలి. జార్జియా రాష్ట్రం అగస్టాలో నల్లజాతి పిల్లల హైస్కూలును 1897లో మూసేశారు. తెల్లపిల్లల హైస్కూలుకు మాత్రం డబ్బిస్తూనే ఉన్నారు. తల్లిదండ్రులు దేశ సుప్రీంకోర్టు దాకా వెళ్లారు, 1899లో ఓడిపోయారు. వాళ్లు కూడా పన్ను కట్టినవాళ్లే.

జపాన్‌లో మసూద్ చూసింది అరువు తెచ్చుకున్న చదువును సొంతం చేసుకున్న దేశాన్ని. ఆరేళ్ల ప్రాథమిక చదువు తప్పనిసరి. దాదాపు పిల్లలందరూ బడిలో ఉన్నారు. మొదట్లో యూనివర్సిటీల్లో విదేశీ ప్రొఫెసర్లు ఇంగ్లీషులోనో జర్మన్‌లోనో చెప్పినా, ఒక తరం లోపే వాళ్ల స్థానంలో జపాన్ వాళ్లు వచ్చి జపాన్ భాషలోనే చెప్తున్నారు. విదేశీ భాష ఒక సబ్జెక్టు మాత్రమే. మసూద్ బడులు తిరిగారు, అధికారులతో కూర్చున్నారు, రోజూ డైరీ రాసుకున్నారు. వచ్చాక జపాన్ విద్యావిధానం మీద ఒక లావుపాటి పుస్తకం రాశారు. 1923లో హైదరాబాద్ ప్రభుత్వమే దాన్ని అచ్చువేసింది. ఆ పుస్తకం ఉద్దేశం తేటగానే ఉంది. ఆసియా దేశం ఒకటి తన భాషలో చదువుకునే లోకంతో సమానంగా నిలబడింది, కాబట్టి మన ప్రయోగం వెర్రి కాదు అని.

ఇక్కడే చిక్కు. జపాన్‌లో బడి భాష, ఇంటి భాష ఒకటే. హైదరాబాద్ రాజ్యంలో? జనంలో దాదాపు సగం మంది తెలుగువాళ్లు. పావువంతు మరాఠీ. ఆపైన కన్నడం. ఉర్దూ ఇంటి భాషగా ఉన్నవాళ్లు పదోవంతు. కింది తరగతుల్లో తెలుగు ఉండేది గానీ, పైకి వెళ్లేకొద్దీ ఉర్దూ. నల్గొండ పిల్లాడికి, వరంగల్ పిల్లాడికి హైస్కూలు గడప దగ్గర భాష మారేది. మన నెల్లూరు పిల్లాడికి ఇంగ్లీషుతో ఏ గోడ ఎదురైందో, ఆ పిల్లాడికి ఉర్దూతో అదే గోడ.

ఉర్దూ వైపువాళ్ల వాదన కూడా వినాలి. మూడు భాషల్లో మూడు యూనివర్సిటీలు పెట్టే స్తోమత లేదు. అన్ని జిల్లాల్లో కచేరీ పని జరిగేది ఉర్దూలో. పట్టణాల్లో అందరికీ అర్థమయ్యేది అది. పరాయి దేశపు ఇంగ్లీషు కంటే ఇది దగ్గర కదా అన్నారు. అందులో నిజం లేకపోలేదు. ఉస్మానియాలో తెలుగు శాఖ కూడా పెట్టారు, కవి రాయప్రోలు సుబ్బారావు అక్కడ తెలుగు చెప్పారు. కానీ తెలుగును ఒక సబ్జెక్టుగా చదవడం వేరు, తెలుగులో లెక్కలు చదవడం వేరు. తెలుగులో శాస్త్రం రాయలేరనడానికి కూడా వీల్లేదు. కొమర్రాజు లక్ష్మణరావు విజ్ఞాన చంద్రికా మండలి పెట్టి తెలుగులో చరిత్ర, సైన్సు పుస్తకాలు వేయించడం మొదలుపెట్టింది ఇదే హైదరాబాద్‌లో, 1906లో. తర్జుమా విభాగానికి పదకొండేళ్ల ముందు.

1921 నవంబరులో హైదరాబాద్‌లో ఒక సంస్కరణ సభ జరిగింది. ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే సభలో గేలి చేసి కూర్చోబెట్టారు. గేలి చేసినవాళ్లు ఉర్దూవాళ్లు కాదు, మరాఠీవాళ్లు. తెలుగు భాష ఆ రాజ్యంలో ఎంత లోకువైపోయిందో దీన్నిబట్టే తెలుస్తుంది. ఆ అవమానం నుంచే ఆంధ్ర జన సంఘం పుట్టింది. వాళ్లు ముందు అడిగింది తెలుగు బడులు. అదే దశాబ్దంలో, మసూద్ డైరెక్టరుగా ఉన్న కాలంలోనే, ప్రైవేటు బడి పెట్టాలంటే ముందు సర్కారు అనుమతి ఉండాలన్న నిబంధన వచ్చింది. వీధి అరుగుల మీద నడిచే ఖాన్గీ బడులు ఎన్నో మూతపడ్డాయి. ఈ నిబంధనలో ఆయన పాత్ర ఎంత అన్నది పక్కన పెట్టినా, శాఖ ఆయనది. మాతృభాష కోసం జపాన్ దాకా వెళ్లొచ్చిన మనిషి, తన కార్యాలయం ఉన్న ఊళ్లోనే అదే కోరుతున్న తెలుగువాళ్ల మాట ఎందుకు వినలేదు? నాకు తోచినంతవరకు, ఉర్దూను ఆయన ఒక వర్గం భాషగా చూడలేదు. గాలిబ్‌ను గంటలకొద్దీ పాడి వినిపించే మనిషి. ఉర్దూ కవిత్వం ఏరి సంకలనం వేశారు, దాదా ఉత్తరాలు అచ్చువేయించారు. తనకు ప్రాణమైంది అందరికీ అందరిదే అనుకున్నారు. మంచివాళ్లు చేసే పొరపాటు అది.

1928లో మాడపాటి హనుమంతరావు నారాయణగూడలో తెలుగు ఆడపిల్లల బడి పెట్టారు. అది హైస్కూలు స్థాయికి వచ్చేసరికి గుర్తింపు ఎవరిస్తారన్నది సమస్య. ఉస్మానియా ఇవ్వదు, ఉర్దూ మీడియం కాదు గనక. చివరికి పూనాలో కార్వే గారి మహిళా విశ్వవిద్యాలయం గుర్తింపు తెచ్చుకున్నారు. హైదరాబాద్ నడిబొడ్డున ఆడపిల్లలు తెలుగులో హైస్కూలు చదవడానికి పూనా నుంచి ముద్ర కావాల్సి వచ్చింది.

ఆ ఏడాదే మసూద్ హైదరాబాద్ వదిలేశారు. పన్నెండేళ్లు చేశారు. ఇంటి జీవితం మాత్రం ఆయనకు కలిసిరాలేదు. మొదటి పెళ్లి చెదిరిపోయింది. ఇద్దరు కొడుకులు అన్వర్, అక్బర్‌లను చదువుకి ఇంగ్లండ్ పంపితే, అక్కడ వాళ్ల మంచిచెడ్డలు చూసింది ఫార్‌స్టరే. తనను మారిసన్ పెంచినట్టే తన పిల్లలకూ ఒక ఇంగ్లీషు మనిషి దొరికాడు.

1929లో అలీగఢ్ ముస్లిం యూనివర్సిటీ ఆయన్ని వైస్ ఛాన్సలర్‌గా తెచ్చుకుంది. యూనివర్సిటీ అప్పుడు బాగా లేదు. విచారణ కమిటీ వచ్చి వెళ్లింది, ముఠాలు, పైరవీలు. మసూద్ చందాలు పోగుచేశారు, సైన్సు వైపు దృష్టి పెట్టారు. తెలివి ఎక్కడున్నా తేవాలన్నది ఆయన పద్ధతి. ఫ్రాన్స్ నుంచి 23 ఏళ్ల కుర్రాడిని లెక్కల ప్రొఫెసర్‌గా తెచ్చి కూర్చోబెట్టారు. పేరు ఆంద్రే వైల్. రెండేళ్లే ఉన్నా, తర్వాత ఇరవయ్యో శతాబ్దపు గొప్ప గణితవేత్తల్లో ఒకడయ్యాడు. మిగతా రాజకీయం మసూద్‌కి చేతకాలేదు. 1934లో రాజీనామా చేశారు. తాత పెట్టిన చోట మనవడు అయిదేళ్లే నిలబడగలిగాడు.

1933లో ఆయనకు సర్ బిరుదు వచ్చింది. అదే ఏడాది శరత్కాలంలో అఫ్ఘాన్ బాద్షా నాదిర్ షా చదువు విషయంలో సలహా కోసం ముగ్గుర్ని కాబూల్ పిలిచారు. ఇక్బాల్, సయ్యద్ సులేమాన్ నద్వీ, మసూద్. ముగ్గురూ తిరిగొచ్చిన కొద్ది రోజులకే నాదిర్ షా హత్యకు గురయ్యారు, ఆ సలహాలు అక్కడే ఆగిపోయాయి.

అలీగఢ్ తర్వాత భోపాల్ నవాబు దగ్గర విద్యామంత్రి. అక్కడ ఆయన ఉన్న ఇల్లు రియాజ్ మంజిల్. గొంతు పోయి మాట రాక బాధపడుతున్న ఇక్బాల్‌ను 1935లో ఆ ఇంటికి పిలిపించి వైద్యం చేయించారు. నవాబుతో చెప్పి నెలకు 500 రూపాయల పింఛను ఏర్పాటు చేయించారు. ఇక్బాల్ చివరి రోజులు గడిచింది ఆ డబ్బుతోనే. అయితే ముందు వెళ్లిపోయింది మసూదే. 1937 జూలై 30న భోపాల్‌లో హఠాత్తుగా చనిపోయారు. 48 ఏళ్లు. జనాజా అలీగఢ్ తీసుకెళ్లి దాదా పక్కన ఖననం చేశారు. మంచంలో ఉన్న ఇక్బాల్ ఆయన మీద మర్సియా రాశారు. తొమ్మిది నెలలు తిరగకుండానే ఇక్బాల్ కూడా పోయారు.

ఆయన నిలబెట్టిన ఉర్దూ చదువు ఆయన తర్వాత మరో పదకొండేళ్లు నడిచింది. 1948లో హైదరాబాద్ భారత దేశంలో కలిశాక ఉస్మానియా ఇంగ్లీషులోకి మారిపోయింది. ముప్ఫై ఏళ్లు కష్టపడి తర్జుమా చేసిన వైద్య, ఇంజినీరింగ్ పుస్తకాలు అల్మారాల్లోకి చేరాయి. తెలుగు పిల్లలు అడిగిన తెలుగు యూనివర్సిటీలో రాలేదు, ఉన్న ఉర్దూ పోయింది, రెండువైపుల వాళ్లకూ ఇంగ్లీషు వచ్చింది. హైస్కూళ్లలో మాత్రం తెలుగు మీడియం నిలదొక్కుకుంది. మన జిల్లాలో కూడా జిల్లా పరిషత్తు హైస్కూళ్లలో పేదింటి పిల్లలు పదో తరగతి దాకా వచ్చింది ఆ మీడియంలోనే. మన ఇళ్లల్లో ఇవాళ ఉద్యోగాల్లో ఉన్నవాళ్లలో చాలామంది అలా వచ్చినవాళ్లే, ఉర్దూ చదవడం రాయడం ఇంట్లో సెలవుల్లో నేర్చుకుని.

మసూద్ కట్టిన మెట్ల మీద పైకెక్కిన తెలుగు పిల్లలూ ఉన్నారు. కరీంనగర్ జిల్లాలో ఒక పల్లెటూరి కుర్రాడు హైస్కూలు నుంచి బీఏ దాకా అన్నీ ఉర్దూలోనే చదివాడు. తెలుగు సొంతంగా నేర్చుకున్నాడు. ఎంఏ తెలుగులో చేశాడు, తర్వాత తెలుగులో గజళ్లు రాశాడు. ఆయన సి. నారాయణరెడ్డి.